మంచం వేరు కానివ్వకండి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఇంటికి పలకరించడానికి వెళితే, ఎవరు ఎక్కడ పడుకుంటున్నారన్నది నేను ముందు గమనిస్తాను. గదిలో మంచం మీద ఆవిడ, కింద చాప మీద వాళ్ళమ్మ, హాల్లో దివాన్ మీద ఆయన. కొత్తలో అది మామూలే. ఏడాది గడిచాక కూడా ఆ దివాన్ మీద అదే దిండు, అదే దుప్పటి కనిపిస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఇద్దరికీ చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదని అర్థమైపోతుంది.

నాకు డెబ్బై ఏళ్ళు. గుంటూరులో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 2002లో నా ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటికి మా పెళ్ళయి పాతికేళ్ళు. మా వారు కరెంటు ఆఫీసులో పనిచేసేవారు. ఆ తర్వాత తెలిసినవాళ్ళలో ఎవరికి ఈ జబ్బు వచ్చినా "ఒకసారి టీచరుగారితో మాట్లాడమ్మా" అని నా దగ్గరికి పంపడం మొదలైంది. రిటైరయ్యాక నేనే ఆస్పత్రి వార్డులకు వెళ్ళి కూర్చుంటున్నాను. ఆడవాళ్ళు నాతో చెప్పుకున్నవి, వాళ్ళ భర్తలు మా వారితో చెప్పుకున్నవి, మేమిద్దరం దాటి వచ్చినవి కలిపి రాస్తున్నాను. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. పడమటి దేశాలవాళ్ళ కంటే మనవాళ్ళకు సుమారు పదేళ్ళు ముందే వస్తోంది. అంటే పిల్లలింకా స్కూళ్ళలో ఉండగా, భార్యాభర్తలు నడివయసులోనో పడుచువయసులోనో ఉండగా వస్తోంది. అందుకని కాపురం సంగతి మొహమాటం లేకుండానే రాస్తాను.

1. ఏ ఆపరేషన్ అన్నది ఇద్దరూ కలిసి, డాక్టరు నోటి నుంచే వినండి.

మన దగ్గర ఈ నిర్ణయం ఆస్పత్రి వరండాలో జరిగిపోతుంది. మామగారు, బావగారు, ఊళ్ళో కాస్త పలుకుబడి ఉన్న ఒక బంధువు నిలబడి "మొత్తం తీయించేద్దాం, పీడ విరగడవుతుంది" అనుకుంటారు. ఆమె స్కానింగ్ గది ముందు బెంచీ మీద ఉంటుంది. పెద్దల మధ్య భర్త నోరెత్తడు. కాగితం మీద సంతకం మాత్రం అతనితో పెట్టిస్తారు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతోపాటు దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసే పద్ధతి తెచ్చాడు. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదన్న నమ్మకం దశాబ్దాలపాటు డాక్టర్లలోనూ ఉండేది. తర్వాత అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేజీ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. గడ్డ, దాని చుట్టూ కొంత భాగం తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్ళూ, రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్ళూ ఒకేలా బతికారు. ఇరవై ఏళ్ళు గమనించి ఆ ఫలితాలు అచ్చువేసింది 2002లో, నా ఆపరేషన్ జరిగిన ఏడాదే. కాబట్టి రొమ్ము ఉంచి చేసే ఆపరేషన్ అనేసరికి "ప్రాణం మీదికి తెచ్చుకోవడం" అని భయపడక్కర్లేదు.

అందరికీ అది కుదరదు. గడ్డ పెద్దదైనా, ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉన్నా మొత్తం తీయాల్సి రావచ్చు. ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేసి, తర్వాత రొమ్ము ఉంచగలిగే సందర్భాలూ ఉన్నాయి. రొమ్ము ఉంచితే రేడియేషన్ తప్పదు. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు మిషన్ ఉన్న ఊళ్ళో ఉండాలి. ఆదిలాబాద్ నుంచో మార్కాపురం నుంచో వచ్చి, ఇద్దరూ కూలి మానుకుని హైదరాబాదులో గది తీసుకోవడం ఎంతమందికి సాధ్యం? అలాంటివాళ్ళు ఆలోచించుకుని మొత్తం తీయించుకుంటే అది తెలిసి చేసిన నిర్ణయమే, తప్పేమీ లేదు. గడ్డ ముదిరాక వస్తే మొత్తం తీసినా రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చు, అదీ ముందే అడగండి. ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్, కీమో, రేడియేషన్ల ఖర్చు చాలా కుటుంబాలకు తగ్గింది గాని ఊరు విడిచి ఉండే ఖర్చు ఎవరూ ఇవ్వరు.

నా బెంగ వేరు. తనకు ఇంకో దారి ఉండేదని ఒకామెకు నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి "వాళ్ళు తీయించేశారు" అంటుంది. ఆ "వాళ్ళు"లో భర్త కూడా ఉన్నాడు. అతను ఆ రోజు వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడంతే. అయినా ఆ కోపం అతని మీదే మిగిలింది. డాక్టరు గదిలోకి మీ ఇద్దరే వెళ్ళండి. రొమ్ము ఉంచగలరా, తీసేస్తే మళ్ళీ అమర్చే ఆపరేషన్ ఉందా, చంకలో గ్రంథులు అన్నీ తీస్తారా, ఒకటి రెండు తీసి పరీక్షిస్తే సరిపోతుందా అని అడగండి. వరండాలో ఉన్నవాళ్ళకు తర్వాత చెప్పొచ్చు.

2. డ్రెయిన్ బాటిల్ పని భర్తకు అప్పగించండి.

ఆపరేషన్ అయ్యాక చంక కింది నుంచి ఒక సన్నటి ట్యూబు, దాని చివర ఒక బాటిల్‌తో ఇంటికి పంపిస్తారు. లోపల ఊరే నీరు అందులోకి దిగుతుంది. మొదట ఎర్రగా ఉండి, రానురాను లేత పసుపు రంగుకు తిరుగుతుంది. రోజూ ఒకే వేళకు కొలిచి, పుస్తకంలో రాసి, ఒంపేసి, గాలి తీసి మళ్ళీ బిగించాలి. రోజుకు ముప్పై మిల్లీలీటర్లకు అటూ ఇటూగా తగ్గాక ట్యూబు తీస్తారు. వారం, రెండు వారాలు పట్టొచ్చు.

ఈ పని మన ఇళ్ళలో తల్లికో అక్కకో పోతుంది. భర్తను మందుల షాపుకి, పండ్లకి, బిల్లులు కట్టడానికి తిప్పుతారు. అతను ఇంట్లో ఉంటూనే భార్యకు దూరమవడం అక్కడే మొదలవుతుంది. మా వారికి వార్డులో ఉన్న నర్సమ్మ రెండు సార్లు చేయించి నేర్పింది. చేతులు సబ్బుతో కడుక్కోవడం దగ్గర్నుంచి అన్నీ మీటరు రీడింగ్ రాసినంత పద్ధతిగా రాశారు. ఆ కొద్ది నిమిషాలు గది తలుపు వేసి ఉండేది. ఒళ్ళు ఎలా ఉందని అడగడానికి, నొప్పి ఎక్కడుందో చెప్పడానికి, ఊరికే ఏడవడానికి కూడా మాకు దొరికిన సమయం అదే. ట్యూబు తీసే రోజుకు మా ఆయనకు ఆ గాయం కొత్త కాదు, నాకు ఆయన ముందు సిగ్గు లేదు.

ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా, బాటిల్లో నీరు ఒక్కసారిగా ఆగిపోయినా ఆస్పత్రికి ఫోను చేయాలి. ట్యూబు తీశాక కూడా నీరు చేరి ఉబ్బితే సూదితో తీస్తారు, కంగారు పడొద్దు.

3. గాయం మొదటిసారి ఎవరు చూడాలో ఆమె చెప్పాలి.

కొందరు ముందు ఒంటరిగా అద్దంలో చూసుకుంటారు. కొందరు భర్త పక్కన ఉంటే తప్ప చూడలేరు. ఏళ్ళ తరబడి భర్తకు చూపించనివాళ్ళూ ఉన్నారు, చీకట్లోనే బట్టలు మార్చుకుంటారు. ఏదైనా సరే, బలవంతం వద్దు. భర్తలకు నేను చెప్పేది ఇది: రొమ్ము మొత్తం తీసిన చోట ఛాతీ ఎముక వైపు నుంచి చంక దాకా అడ్డంగా ఒక గీత ఉంటుంది, చర్మం చదునుగా పక్కటెముకలకు అంటి ఉంటుంది, కొత్తలో కమిలి ఉంటుంది. ముందే తెలిస్తే మొహంలో ఆ మొదటి ఉలికిపాటు ఉండదు. భార్యలు చదివేది మొహాన్నే.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "ఈ వయసులో దానితో పనేముంది" అన్నది మొదటిది. "బతికావు, అదే చాలు" అన్నది రెండోది. రెండోది ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కాని ఆమె పోయినదాని కోసం ఏడుస్తుంటే ఆ మాట నోరు నొక్కేస్తుంది. బతికినందుకు సంతోషం, పోయినదానికి దుఃఖం రెండూ ఒకే మనిషిలో ఒకే పూట ఉంటాయి. ఏమనాలో తెలియకపోతే "నొప్పిగా ఉందా?" అని అడిగితే చాలు.

4. మంచం.

ఈ వ్యాసం దీనికోసమే రాస్తున్నాను.

మంచం వేరుచేసేటప్పుడు ఎవరూ చెడు తలపెట్టరు. కుట్లకు చెయ్యి తగులుతుందని, రాత్రి లేపాలంటే అమ్మ ఉంటే నయమని అంటారు. అది నిజమే, కొన్ని రోజులు. తర్వాత కీమో మొదలవుతుంది. "ఇన్ఫెక్షన్ వస్తుంది, దూరంగా ఉండు నాయనా" అంటారు. తర్వాత రేడియేషన్. "కరెంటు పెట్టిన ఒళ్ళు, పిల్లల్ని కూడా దగ్గరికి రానీయకు" అంటారు. అన్నీ అయ్యాక ఎవరో ఒక పెద్దావిడ చెవిలో వేస్తుంది: "మొగుడి దగ్గరికి వెళితే మళ్ళీ వస్తుందట." ఏడాది అయిపోతుంది. ఈ ఏడాదిలో ఇద్దరూ ఒకరినొకరు తాకడం మర్చిపోతారు.

ఒక్కొక్కటీ చెబుతాను. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. తాకినా, ముద్దుపెట్టుకున్నా, కాపురం చేసినా రాదు, తిరగబెట్టదు. బయటి నుంచి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. ఇంటికి వచ్చి పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. కీమో ఎక్కించాక రెండు మూడు రోజులు ఆ మందు ఒంట్లోని ద్రవాల్లో ఉంటుంది, కాబట్టి ఆ రోజుల్లో కలయిక ఉంటే కండోమ్ వాడమంటారు. తెల్లరక్తకణాలు పడిపోయిన వారంలో జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. అది భర్తకే కాదు, పలకరింపుకి వచ్చిన ప్రతి చుట్టానికీ వర్తిస్తుంది. ఇంతకు మించి దూరం ఉండాలని ఏ డాక్టరూ చెప్పరు. దూరం అక్కర్లేదన్న మాట మాత్రం మనవాళ్ళు అడగరు కాబట్టి వాళ్ళూ చెప్పరు, అదొక్కటే బాధ.

నేను ఇద్దరినీ విడివిడిగా అడిగాను, చాలా ఇళ్ళలో. భర్త అంటాడు: "ముట్టుకుంటే నొప్పి పుడుతుందేమోనని నేనే దూరంగా ఉంటున్నానండీ. ఈ స్థితిలో ఉన్నదాన్ని అడిగితే మనిషినేనా అనుకుంటుందేమో." భార్య అంటుంది: "ఆయనకి నేనిప్పుడు అక్కర్లేదు టీచరుగారూ, నాకు తెలుస్తూనే ఉంది." మధ్యలో ఒక్క గోడ. అతని మర్యాద ఆమెకు అయిష్టంలా కనబడుతోంది. ఆమె బెరుకు అతనికి నొప్పిలా కనబడుతోంది.

కుట్లు మానాక దిండు ఒకే గదిలోకి తెచ్చుకోండి. మిగతాది తర్వాత ఆలోచించవచ్చు. పక్కపక్కన పడుకోవడానికీ, కలయికకూ సంబంధం పెట్టకండి. అలా పెట్టుకున్నవాళ్ళే భయపడి పడక మార్చరు. మేం ఒక చిన్న పని చేశాం, పక్కలు మార్చుకున్నాం. నాకు ఎడమ వైపు ఆపరేషన్, అంతకు ముందు ఆయన నా ఎడమ పక్కనే పడుకునేవారు. కుడి పక్కకు వచ్చారు. నిద్దట్లో చెయ్యి తగులుతుందన్న భయం ఇద్దరికీ పోయింది. ఎడమ చెయ్యి కింద చిన్న దిండు పెట్టుకుంటే చంక లాగదు.

తాకే విషయంలో భార్య నోరు తెరవాలి. చంకలో గ్రంథులు తీసేటప్పుడు నరం దెబ్బతిని మోచేతి పైన లోపలి వైపు, ఛాతీ చర్మం మీద మొద్దుబారుతుంది. కొందరికి తగిలినట్టే ఉండదు, కొందరికి ముళ్ళు గుచ్చినట్టు ఉంటుంది. తీసేసిన రొమ్ములోనే దురద పుట్టినట్టు ఉండడం కూడా జరుగుతుంది, మతి చెడిందని అనుకోవద్దు, చాలామందికి ఉంటుంది. ఇక్కడ తెలియదు, ఇక్కడ నొప్పి, ఇక్కడ బాగుంది అని ఆమె చెయ్యి పట్టుకుని చూపిస్తే తప్ప అతనికి ఎలా తెలుస్తుంది? జాకెట్టు వేసుకునే ఉంటానంటే ఉండనివ్వండి. దీపం వద్దంటే వద్దు. కోరిక నెలల తరబడి రాకపోవచ్చు. దగ్గరితనం దానికంటే ముందే తిరిగి రావచ్చు, వస్తుంది.

రెండు గదుల ఇళ్ళలో ఇదంతా ఎలా అని అడుగుతారు. నిజమే, ముగ్గురు పిల్లలు, అత్తగారు, పుట్టింటి నుంచి వచ్చిన తల్లి. అలాంటి చోట నేను పెద్దరికం తీసుకుంటాను. ఆ తల్లిని పక్కకు పిలిచి "అమ్మా, మీరు కష్టపడి చూసుకున్నారు. రాత్రిళ్ళు ఇక మీ అల్లుడు చూసుకుంటాడు, మీరు పిల్లలతో పడుకోండి" అంటాను. కూతురు ఈ మాట తల్లికి చెప్పుకోలేదు, అల్లుడు అసలే చెప్పలేడు. మేనత్తో పెద్దక్కో ఎవరో ఒకరు చెప్పాలి. ఇది చదువుతున్న పెద్దవాళ్ళు ఆ ఒక్కరు కండి.

అమెరికాలో ఉన్న మన పిల్లల్లో ఒకటి గమనించాను. వీసా దొరక్క అమ్మ వెళ్ళలేకపోయిన ఇళ్ళలో భర్త ఒక్కడే ట్యూబు చూసి, వంట చేసి, పిల్లల్ని స్కూలుకి దింపి, భార్యకు తల దువ్వి నానా అవస్థా పడతాడు. ఆ జంటలు ఫోన్లో మాట్లాడేటప్పుడు గొంతుల్లో దగ్గరితనం వినిపిస్తుంది. సాయం లేకపోవడం మంచిదని అనను. సాయం చేసే చేతులు భర్త చోటు తీసుకోకూడదని అంటున్నాను.

5. మాత్రలు చేసే పని మనిషి మీద వేయకండి.

హార్మోన్ పాజిటివ్ అని రిపోర్టు వచ్చినవాళ్ళకు ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు రోజూ మాత్ర ఉంటుంది. ముట్లు ఆగనివాళ్ళకు ఎక్కువగా టమాక్సిఫెన్, ఆగినవాళ్ళకు లెట్రోజోల్ లాంటివి. ఈస్ట్రోజెన్ పని చేయకుండా టమాక్సిఫెన్ అడ్డుపడుతుంది, లెట్రోజోల్ అది ఒంట్లో తయారవకుండానే చేస్తుంది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ళ నొప్పులు, చిరాకు, లోపల పొడిబారిపోయి కలిసినప్పుడు మంట. కోరిక తగ్గుతుంది. కీమోతో ముట్లు ముందే ఆగిపోయిన ముప్పై అయిదేళ్ళ అమ్మాయికి ఇవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. భర్త దీన్ని "నేనంటే ఇష్టం పోయింది" అనుకుంటాడు. ఆమె కూడా తనలోనే లోపం ఉందనుకుంటుంది. ఇద్దరికీ మాత్ర గుర్తుకు రాదు.

పొడిబారడానికి నీటితో తయారైన జెల్ మందుల షాపులో దొరుకుతుంది, చీటీ అక్కర్లేదు. హార్మోన్ కలిసిన క్రీములు మాత్రం క్యాన్సర్ డాక్టరుని అడక్కుండా వాడొద్దు. దిగులుకు వాడే కొన్ని మందులు టమాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి, కాబట్టి మానసిక డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ మాత్ర పేరు చెప్పండి. దిగులుకు మందు మానుకోమనడం లేదు, వేరేది రాస్తారు. కాపురం చెడుతోందని ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేసిన అమ్మాయిలు నాకు తెలుసు. అలా ఆపితే జబ్బు తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది. డాక్టరుతో "నాకు ఇంట్లో ఇబ్బందిగా ఉంది" అని చెప్పండి. మాత్ర మార్చే వీలుంటుంది. మగ డాక్టరుతో చెప్పలేకపోతే నర్సమ్మతో చెప్పండి, ఆమె చెబుతుంది.

6. గర్భం సంగతి మొదటి రోజే మాట్లాడాలి.

పిల్లలు ఇంకా కావాలనుకునే జంట కీమోకు ముందే ఆ మాట ఎత్తాలి. అండాలనో పిండాలనో తీసి భద్రపరిచే వీలు అప్పుడే ఉంటుంది. మాత్రలు వాడుతున్నంతకాలం గర్భం రాకూడదు. ముట్లు రాలేదు కదా అని ధీమాగా ఉండొద్దు, రాకపోయినా గర్భం రావచ్చు. హార్మోన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు ఈ జబ్బు వచ్చినవాళ్ళకు పనికిరావు, కాపర్-టీ గాని కండోమ్ గాని వాడాలి. గర్భం కోసం టమాక్సిఫెన్ లాంటి మాత్రలను కొంతకాలం ఆపిన యువతులకు, దగ్గరి కాలంలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరగలేదని 2023లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. అదీ డాక్టరు చెప్పిన వేళకే ఆపాలి. పిల్లల కోసం అత్తింటివారు తొందరపెడుతుంటే సమాధానం భర్త చెప్పాలి. కోడలి చేత చెప్పించకూడదు.

7. బరువు పనులు మగవాళ్ళవి.

చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే అవకాశం ఏళ్ళ తర్వాత కూడా ఉంటుంది. గాజులు, ఉంగరం బిగుసుకుంటే అదే మొదటి గుర్తు. నీళ్ళ బకెట్, గ్రైండర్ గిన్నె, బియ్యం బస్తా భర్త ఎత్తాలి, కొడుకు ఎత్తాలి. అలాగని చెయ్యి అసలు కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. గోడ మీద వేళ్ళతో పైకి పాకించే వ్యాయామం డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ చేయాలి. తెగిన గాయం, కాలిన గాయం అశ్రద్ధ చేయొద్దు. వాపు మొదలైతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి, చేతికి తొడుగు ఇస్తారు, మసాజు నేర్పుతారు.

జాకెట్టు ముందు హుక్కులతో కుట్టించుకోండి. లోపల జేబు పెట్టిస్తే సిలికాన్‌దో నూలుదో కృత్రిమ రొమ్ము పెట్టుకోవచ్చు. ఒక వైపు బరువు లేకపోతే మెడ, వీపు నొప్పి పుడతాయి, కాబట్టి అది అందానికే అనుకోకండి. పెట్టుకోను అన్నా ఆమె ఇష్టమే. నా మొదటి జాకెట్టు కొలతలు మా వారే రాసుకుని టైలరుకి ఇచ్చి వచ్చారు. ఆ టైలరు ఒక్క మాట అడగలేదు, ఈనాటికీ నాకు అతనంటే గౌరవం.

8. "బాగయ్యాక తీసుకెళతాం" అన్న మాటను గమనించండి.

డెన్మార్క్‌లో దేశం మొత్తం రికార్డులు తీసి చూస్తే రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళలో విడాకులు మిగతావాళ్ళ కంటే ఎక్కువ లేవని 2007లో తేలింది. ఈ విషయం నేను భయపడుతున్న ప్రతి అమ్మాయికీ చెబుతాను. ఎక్కువ కాపురాలు నిలబడతాయి, నేను చూసినవీ నిలబడ్డాయి. కాని మన దగ్గర విడిపోవడం కోర్టు రికార్డులో ఉండదు. కీమోకని పుట్టింటికి పంపుతారు. నెలలు గడుస్తాయి. ఫోన్లు తగ్గుతాయి. పిల్లల్ని అటు ఉంచుకుంటారు. ఎవరూ వదిలేశామని అనరు.

అలా జరుగుతుంటే సహించి కూర్చోవద్దు. హిందూ వివాహ చట్టంలో విడాకులకు చెప్పిన కారణాల్లో క్యాన్సర్ లేదు. భరణం, వైద్యం ఖర్చు అడిగే హక్కు భార్యకుంది. 2015లో సుప్రీంకోర్టు ముందుకు ఒక జంట వచ్చింది. భార్యకు రొమ్ము క్యాన్సర్. పన్నెండున్నర లక్షలు ఇస్తే పరస్పర అంగీకారంతో విడిపోతానని ఒప్పుకుంది. కోర్టు ఆ అంగీకారాన్ని తీసుకోలేదు. వైద్యానికి డబ్బు అవసరమై ఆమె ఒప్పుకుని ఉంటుందని భావించింది. జబ్బుపడిన భార్యను చూసుకోవడం భర్త విధి అని చెప్పి, వైద్యం కోసం ఐదు లక్షలు వెంటనే ఇమ్మంది. ఆమె కోలుకున్నాకే విడాకుల సంగతి చూడాలంది. వకీలు దగ్గరికి వెళ్ళే ప్రతి తండ్రీ ఈ తీర్పు ఉందని తెలుసుకోవాలి.

9. దాచమని అడగకండి.

"పెద్దమ్మాయి పెళ్ళయ్యేదాకా ఎవరికీ తెలియనివ్వొద్దు" అంటారు. దాచినంతకాలం ఆమె గుండు మీద కొంగు కప్పుకుని గదిలో ఉండాలి, అతను ప్రతి ఒక్కరికీ ఒక అబద్ధం చెప్పాలి. ఈ జబ్బుల్లో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. అలాంటి కుటుంబంలో అమ్మాయికి తెలియడమే ఆ అమ్మాయికి రక్ష, పరీక్ష చేయించుకుంటుంది. నటి హంసానందిని 2021లో తనకీ జబ్బు వచ్చిందని, అది వంశపారంపర్యమని జన్యు పరీక్షలో తేలిందని, తన తల్లి కూడా దీనితోనే పోయారని అందరికీ చెప్పారు. అంత మందిలో ఉండే మనిషి చెప్పగలిగితే మన వీధిలో మనకెందుకు దాపరికం?

10. భర్తలతో మాట్లాడే మగవాళ్ళు కావాలి.

హైదరాబాదులో రెడ్ హిల్స్ ఎం.ఎన్.జె. ఆస్పత్రిలోగాని, బంజారాహిల్స్ బసవతారకంలోగాని ఒక పొద్దు కూర్చుంటే తెలుస్తుంది. ఆడవాళ్ళు పక్క మంచం వాళ్ళతో అరగంటలో అన్నీ చెప్పుకుంటారు. భర్తలు రిపోర్టుల కవరు పట్టుకుని ఎవరికి వారు నిలబడి ఉంటారు. "మీ ఆవిడకి ఎలా ఉంది?" అని అడుగుతారు గాని "నువ్వెలా ఉన్నావయ్యా?" అని ఒక్కరూ అడగరు. నిద్ర లేక, అప్పు ఎలా తీర్చాలో తెలియక, ఆమె పోతుందేమోనన్న మాట మనసులో కూడా అనుకోలేక నలిగిపోతుంటారు. ఆ భయంలో కొందరు తాగుడికి పోతారు, కొందరు కోపిష్టులవుతారు.

నేను వార్డులోకి వెళ్ళినప్పుడు మా వారు క్యాంటీన్ దగ్గర కూర్చుంటారు. ఆయనకు డెబ్బై ఆరు. "మా ఆవిడకీ అయింది బాబూ, 2002లో" అని మొదలుపెడతారు. అంతే, కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. ఎక్కువమంది చివరికి అడిగేది ఒకటే, అదీ గొంతు తగ్గించి: "మళ్ళీ మామూలుగా ఉండొచ్చా సార్?" ఉండొచ్చని, గాయం మానాక, ఆమెకు ఇష్టమైనప్పుడని, డాక్టరుని అడగడానికి సిగ్గుపడొద్దని చెబుతారు. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటున్నావని అడుగుతారు. ఆస్పత్రి మెట్ల మీద అంటే సరే. ఇంట్లో హాల్లో అంటే, డ్రెయిన్ తీశారా, కుట్లు మానాయా, ఆవిడని అడిగావా అని వరసగా అడుగుతారు. మూడో ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ఇంటికి వెళ్ళి ముందు అది అడుగు" అని పంపిస్తారు.